మన సీమ పణములు



నేటి ప్రసంగమునకు నేను తీసికొన్న వస్తువు మిక్కిలి చిన్నది. కందిబద్దకంటె పెద్దది కాదు. మూడు గురువింద గింజల యెత్తు తూగును. అరచేతిలో నుంచుకొని గట్టిగా ఊపిరి విడిచినచో ఎచట బడిపోవునో యని భయము పుట్టును. దానిపేరు పణము. తెలుగువారు రూక యనియు నన్నారు. కన్నడ సీమలో అది హణము. ఇంగ్లీషు దొరలు తమ లెక్కలలో దానిని ఫనము అని వ్రాసికొనిరి.

వరహా పేరు విననివారు మనలో లేరు. కథలలో వరహాలు, సామెతలలో వరహాలు, పిల్లల ముద్దుపేళ్లలో సైతము వరహాలే. పణమును మాత్రము తెలుగుదేశము మరచినది. ఐనను చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారు దానిని పూర్తిగా మరచుటకు వీలులేదు. ఆవలిగట్టున అరవమువారు నేటికిని ధనమునకంతకు పణమనియే పేరు పెట్టుకొనియున్నారు. పడమటి సరిహద్దు దాటినచో కన్నడమువారు హణ యనుచున్నారు. పలమనేరు సంతలోను, పుత్తూరు సంతలోను ఆ మాటలు మన చెవిని బడుచునే యుండును. నాణెము నశించినను పేరు నిలిచినది.

ఈ చిన్న బంగారు నాణెములను వెదకి చూచుట, తూచుట, తరగతులుగా విడదీయుట చిరకాలముగా నాకు పనియై యున్నది. "ఇంత చిన్న దానికి ఇంత శ్రమయా?" యని అడిగినవారు పెక్కుమంది. పెద్ద నాణెములు రాజుల కొరకు, చిన్న నాణెములు ప్రజల కొరకు అని నా అభిప్రాయము. వరహా ఒక పూట కూలికిని, ఒక మానెడు నేతికిని పనికిరాదు. పణమే ఇల్లిల్లు తిరిగినది.

దీనికి విదేశీయుని సాక్ష్యము కలదు. హిరాతు నగరమునుండి షారుఖ్ పాదుషా పంపగా అబ్దుర్ రజాక్ అను రాయబారి 1443లో విజయనగరమునకు వచ్చెను. ఆయన అచ్చటి నాణెములను వరుసగా వివరించెను. అన్నిటికంటె పెద్దది వరహా, దానిలో సగము ప్రతాపము, ప్రతాపములో పదవవంతు పణము. పణములో ఆరవవంతు తారమను వెండి నాణెము, తారములో మూడవవంతు రాగి నాణెము. ఇన్ని చెప్పి, వీనిలో ఎక్కువగా ఉపయోగపడునది పణమే యని ఆయన వ్రాసెను. రాజసభలో ఏనుగులను, రత్నములను చూచి అబ్బురపడిన మనుష్యుడు ఈ చిన్న నాణెమును గుర్తించుట గమనింపదగినది.

ఆయన లెక్క ప్రకారము వరహాకు ఇరువది పణములు. తూకము వేరుగా చెప్పును. వరహా సుమారు 3.4 గ్రాములు. నేను తూచిన పణములలో ఎక్కువభాగము 0.33 మొదలు 0.40 గ్రాము లోపుగా నున్నవి. అనగా తూకములో పది పణములే ఒక వరహా. లెక్కలో ఇరువది, తూకములో పది. కనుక పణమును తూచి ఊరకుండరాదు. ఒరగల్లుపై గీసి, బంగారములో ఎంత కల్తీ కలిసినదో చూడవలెను. పాతకాలపు షరాబులకు ఈ సంగతి మనకంటె బాగుగా తెలియును. వరహాలను ఒక సంచిలోను, ఒక్కొక్క రకపు పణములను వేరు వేరు సంచులలోను వారు ఊరక ఉంచలేదు.

ఇక మన కొండకు వత్తము. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1931 మొదలు 1938 వరకు తమ ఆలయ శాసనములను సంపుటములుగా ప్రకటించిరి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, విజయరాఘవాచార్యులుగారు ఆ పనిలో పడిన శ్రమకు మనము ఎంతయు ఋణపడియున్నాము. శాసనములు వేయికి పైగా నున్నవి. ఎక్కువభాగము అరవములో నున్నవి. వానిలో మరల మరల కనబడు మాట నర్పణము. నల్ పణము, అనగా మంచి పణము. మంచిదని పేరు పెట్టుటలోనే చెడ్డవియు చెలామణిలో నుండెనను సంగతి బయటపడుచున్నది.

ఆ శాసనములు చెప్పు కథ ఇది. ఒక భక్తుడు స్వామికి ప్రతిదినము ఒక నైవేద్యము జరుగవలెనని కోరి, ఇన్ని నర్పణములు శ్రీభండారమునకు చెల్లించును. దేవస్థానమువారు ఆ సొమ్మును పెట్టెలో దాచరు. దేవుని గ్రామములలో చెరువు త్రవ్వుటకో, కాలువ తీయుటకో వెచ్చింతురు. నీరు వచ్చి, భూమి పండి, ఆ అధికఫలముతో నైవేద్యము సాగును. ప్రసాదములో దాతకు నాలుగవవంతు చెందును. చూడుడు, కందిబద్దంత బంగారము కాలువగా మారి, వరిగా మారి, ప్రసాదమై దాత చేతికి తిరిగివచ్చినది. తిరుపతి చుట్టుపట్ల చెరువు క్రింద సేద్యము చేయుచున్న పెద్దలు ఆ కట్టలలో ఎన్నిటికి ఏ శతాబ్దపు పణములు మూలధనమో యని ఒకమారు తలపోయవచ్చును.

1514లో ఉదయగిరి దుర్గమును గెలిచి కృష్ణదేవరాయలు తిరుమలకు వచ్చి, 30,000 బంగారు నాణెములతో స్వామికి కనకాభిషేకము చేసెను. అవి వరహాలే యైనచో బంగారము నూరు కిలోలకు మించును. ఈ సంగతిని అందరు చెప్పుకొందురు. చెప్పుకొనవలసినదే. గాని కొండపై నిత్యము వంటశాలలో పొయ్యి రగిలించినది మాత్రము పేరు తెలియని పెక్కుమంది చెల్లించిన నర్పణములు.

నాణెములను తరగతులుగా విభజించుటలో మొదట కంటికి కనబడునది బొమ్మ. విజయనగర తొలిరాజుల నాణెములపై హనుమంతుడును గరుడుడును కలరు. రెండవ హరిహరరాయల కాలమునుండి దంపతులైన దేవతలు వచ్చిరి. ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు, లక్ష్మీనరసింహులు. కృష్ణరాయల నాణెముపై బాలకృష్ణుడు ఒంటరిగా కూర్చుండియుండును. ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును రాయలు తెచ్చి 1515లో రాజధానిలో ప్రతిష్ఠించెను. పండితులు ఈ బొమ్మకు ఆ విగ్రహముతో సంబంధము చెప్పుచున్నారు. ఈ మార్పును పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెష్ 1520 ప్రాంతమున కనిపెట్టెను. పూర్వపు నాణెములపై ఒకవైపున రెండు బొమ్మలు, రెండవవైపున రాజు పేరు, ఈ రాజు వేయించిన వానిపై ఒకే బొమ్మ యని ఆయన వ్రాసియుండెను. నాణెశాస్త్రమను పేరు పుట్టకమునుపే ఆ వర్తకుడు తరగతులు విడదీసినాడు. అచ్యుతరాయల వరహాల మీదను, అరవరహాల మీదను గండభేరుండ పక్షి ఏనుగులను పట్టుకొని ఎగురుచుండును. తిరుమలరాయల కాలమున సీతారామలక్ష్మణులు వచ్చిరి.

పణముపై ఇంత బొమ్మకు చోటు లేదు. అచ్చు పెద్దది, బంగారపు బిళ్ళ చిన్నది. సమ్మెటదెబ్బ పడినప్పుడు దేవుని తల యొక పణముపై, పాదములు మరియొక పణముపై పడును. నాగరి అక్షరములలో ఒకదానిపై 'ప్ర', వేరొకదానిపై 'తా' మాత్రమే దొరకును. పది పన్నెండు పణములను ప్రక్కప్రక్కన పేర్చి, భూతద్దముతో చూచినగాని అచ్చులోని పూర్తి రూపము మనసునకు పట్టదు. అందుచేత ఒక్క పణము దొరికిన నాకు సంతోషము కొంతయే. ఒకే కుండలోని నూరు పణములు చెదరక కలిసియున్నప్పుడు వచ్చు జ్ఞానము వేరు.

ఇచ్చట పడమటి దేశపు నాణెములను ఒక్కసారి పోల్చి చూచుట మంచిది. కాన్‌స్టాంటినోపిలు, అనగా నేటి ఇస్తాంబులు, రాజధానిగా ఏలిన ఉస్మానీ తురుష్క సుల్తానులు 1478 ప్రాంతమున తమ మొదటి బంగారు నాణెమును వేయించిరి. వెనీసు నగరపు డుకాటు నాణెముతో సమానమైన తూకము, మూడున్నర గ్రాములు. మన వరహా తూకమునకు దగ్గర. వెనీసు నాణెములు ఎఱ్ఱసముద్రపు రేవుల మీదుగా మిరియాలకును బట్టలకును వెలగా మనదేశమునకు వచ్చినవి. వానిపై మనుష్యరూపములున్నందున దక్కనులో పుతళీ లని పేరు పెట్టి స్త్రీలు హారములలో గ్రుచ్చుకొనిరి. తురుష్క దేశములో స్త్రీలును నాణెములనే హారములుగా ధరింతురు. మన కాసులపేరునకు వారు దూరపు బంధువులన్నమాట.

ఆ సుల్తానులకును చిన్న బంగారు నాణెములు కలవు. పదునెనిమిదవ శతాబ్దమున జెరి మహబూబ్ అను నాణెము వచ్చెను. ప్రియమైన బంగారమని దాని యర్థము. రుబియే యనునది నాలుగవవంతు, గ్రాముకు లోపు తూకముగలది. వానిని తరగతులుగా విడదీయువాని పని సులభము. ఏలయన నాణెముపై సుల్తాను సింహాసన మెక్కిన హిజరీ సంవత్సరమును, టంకశాల యున్న ఊరిపేరును ఉండును. ఏలుబడిలో ఎన్నవ యేడో తెలుపు అంకెయు పలుమారు కనబడును. రెండవ మహమూదు సుల్తాను 1808లో గద్దె నెక్కినాడు. ఆయన నాణెములపై 1223 అను హిజరీ సంవత్సరము ఎప్పుడును మారక నిలుచును, ప్రక్కన ఏలుబడి యంకె మాత్రము మారును. రెండును చదివి కూడి, ఒకటి తగ్గించినచో సరి. మన విజయనగర పణమునకు ఏడు లేదు, ఊరు లేదు. తెలుగు దేశపు ఉత్తరపు కొసన, కళింగములో, తూర్పు గాంగుల పణములపై మాత్రము పండుకొన్న నందియు, వెనుకవైపున ఏలుబడి సంవత్సరపు అంకెయు కనబడును. ఆ యాచారము దక్షిణమునకు రాకపోవుట మాబోటివారి దురదృష్టము.

మరల మన సీమకు. తళ్ళికోట యుద్ధము 1565లో జరిగిన పిదప రాజ్యము పెనుగొండకును, తరువాత చంద్రగిరికిని చేరెను. 1586 మొదలు 1614 వరకు ఏలిన వేంకటపతిదేవరాయలు చంద్రగిరినుండి రాజ్యము చేసెను. ఆయన నాణెముపై తోరణము క్రింద శ్రీ వేంకటేశ్వరుడు నిలిచియుండును. వెనుకవైపున నాగరిలో "శ్రీ వేంకటేశ్వరాయ నమః" అని యుండును. రాజు పేరు లేదు. పూర్వపు రాజులు 'శ్రీ ప్రతాప' యని తమ పేరు చెక్కించుకొన్న చోట ఈ రాజు కొండమీది దేవుని పేరు నిలిపెను. భక్తుడు సంతోషించును, చరిత్రకారుడు తల గోకికొనును. ఏలయన తరువాతివారును ఆ అచ్చునే యుంచుకొన్నప్పుడు ఏది ఎవరిదని చెప్పుట ఎట్లు? హుల్ట్‌జ్ దొర 1891లో విజయనగర నాణెములపై వ్రాసిన వ్యాసమునుండి నేటివరకు పండితులకు ఇటువంటి చిక్కులు తప్పలేదు.

ఆ దేవుడే తరువాత సముద్రతీరమునకు ప్రయాణము చేసెను. 1639లో దామెర్ల వేంకటాద్రినాయకుడు ఇంగ్లీషు కంపెనీవారికి చెన్నపట్టణపు భూమినిచ్చినప్పుడు నాణెములు వేసికొను హక్కును ఇచ్చెను. చంద్రగిరి వంశపు శ్రీరంగరాయలు 1645లో వారి హక్కులను స్థిరపరచెను. కంపెనీవారు వ్యాపారులు. ప్రజలు ఏ బొమ్మను నమ్ముదురో వారికి తెలిసినది. తమ రాజు బొమ్మ వేయక, శ్రీదేవి భూదేవులతో కూడిన స్వామిని వేసిరి. దానిని మూడు స్వాముల వరహా యనిరి. పిదప ఒక్క స్వామి, వెనుకవైపున నక్షత్రము గల వరహా 1740 నుండి వచ్చెను. ఇంగ్లీషువారి కోటలో నాణెములపై మన వేంకటేశ్వరుడే నిలిచెను. అప్పటి చెన్నపట్టణపు లెక్కలో 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. 1818లో రూపాయి ప్రమాణనాణెమై, మూడున్నర రూపాయలకు ఒక వరహాగా లెక్క కట్టబడెను. దానితో వరహాయు పణమును లెక్కల పుస్తకములనుండి తప్పుకొనెను.

జిల్లాకు పడమటి భాగమున, మైసూరు వైపున, పణముల రకము వేరు. శ్రీరంగపట్టణమున 1638 మొదలు 1659 వరకు ఏలిన కంఠీరవ నరసరాజ ఒడయరు నరసింహస్వామి బొమ్మతో హణములు వేయించెను. పది కంఠీరవ హణములు ఒక కంఠీరవ వరహా. విచిత్రమేమనగా ఆ వరహా లెక్కలలో నుండెనే గాని చేతిలో నుండలేదు. 1800లో ఈ దారిని మైసూరు పోయిన బుకానన్ దొర పంటల వెలలను కూలివెలలను ఆ హణములలోనే వ్రాసికొనెను. తరువాత దివాను పూర్ణయ్యగారు వానిని మరల అచ్చు వేయించినప్పుడు క్రొత్తవి చిన్నవై గుండ్రనైనవి. ప్రజలు పాతవానిని అగల, అనగా వెడల్పైన హణములనియు, క్రొత్తవానిని గిడ్డ, అనగా పొట్టి హణములనియు పిలిచిరి. ఏ మ్యూజియము పండితుడును దీనికంటె చక్కని వర్గీకరణము చేయజాలడు. బొమ్మ ఒకటే, పేరు ఒకటే. వెడల్పు చూచి సంతలోని జనమే కాలము నిర్ణయించిరి.

హైదరాలీ 1782 డిసెంబరులో చిత్తూరునకు సమీపమున నరసింగరాయనిపేట దండులో మరణించెను. ఆయన నాణెములను చూచినవారికి ఆశ్చర్యము కలుగును. ఒకవైపున పూర్వపు రాయల పద్ధతిని శివపార్వతులు, రెండవవైపున పారశీక లిపిలో తన పేరిటి మొదటి అక్షరము మాత్రమే. కుమారుడు టిప్పు సుల్తాను దేవతల బొమ్మలు తీసివేసెను, తండ్రి అక్షరమును మాత్రము ఉంచెను. టంకశాలల ఊళ్ళకు క్రొత్తపేళ్లు పెట్టెను. మదనపల్లె దగ్గరి గుఱ్ఱముకొండ ఆయన నాణెములపై జఫరాబాదు. ఆ టిప్పుయే 1786లో ఉస్మానీ సుల్తాను కడకు రాయబారము పంపెను. వారు మరుసటియేడు కాన్‌స్టాంటినోపిలు చేరిరి.

ఇన్ని రకములు ఒక్క సీమలో తిరిగినవి గనుక, తరగతులు విడదీయువాడు రాజుల వంశావళిని ముందు పెట్టుకొని పని మొదలుపెట్టరాదని నా దృఢమైన అభిప్రాయము. పుస్తకములు అట్లే చేయుచున్నవి. నేను మాత్రము మొదట దొరికినచోటు వ్రాసికొందును. పిదప తూకము, పిదప ఒరగల్లు, పిదప అంచు, బొమ్మ, అక్షరము. రాజు పేరు అన్నిటికంటె చివర. తూకములో ఒక జాగ్రత్త కలదు. నగలలో గ్రుచ్చిన పణమునకు కొక్కెము అతికించియుందురు. టంకము ఊడినను దాని మచ్చ మిగులును, ఎత్తు మోసపుచ్చును. నగల కొరకే అచ్చు కొట్టిన దొంగ పణములును కలవు. వాని అక్షరములు చదువరాని గీతలు. లెక్కించుటకు తిరువాన్కూరు వారి ఉపాయము మేలైనది. నూరు గుంటలు గల కొయ్యపలకపై పణములను గుప్పెడు పోసి ఆడించెడివారు. గుంటకొకటి నిండును, మిగిలినవి జారును. లెక్క తప్పదు.

ఇక నేను నేడు మీ యెదుట నిలుచుటకు అసలు కారణము చెప్పుదును. కొన్నేండ్ల క్రిందట ఒక పల్లెలో చేను చదును చేయుచుండగా మంటిముంత పగిలి పణములు బయటపడినవి. సంగతి నాకు తెలిసి పోవునప్పటికి పది దినములు గడచినవి. ముంత పెంకులను దిబ్బలో పారవేసిరి. పణములు మూసలో కరగి ఒక జత గాజులైనవి. ఎన్ని యుండెనని అడిగితిని. ఒకరు దోసెడనిరి, ఒకరు రెండు దోసిళ్లనిరి. బొమ్మ ఏమని అడిగితిని. ఒక ముసలమ్మ, "ఏదో దేవుడు నాయనా, కండ్లకు ఆనలేదు" అనినది. బంగారము వెల వారికి దక్కినది, నిజమే. కాని ఆ ముంత ఎప్పుడు పాతిరో, ఏ దండు భయమునకు పాతిరో, కంఠీరవ హణములును చంద్రగిరి పణములును ఆ యూరిలో కలిసి తిరిగెనో లేదో చెప్పగల సాక్షి ఇక పుట్టడు. ఊరి చరిత్రలో ఒక పుట ఆ మూసలో కాలినది.

వారు దాచుటకు కారణము దురాశకంటె భయమే. ప్రభుత్వమువారు అంతయు పట్టుకొనిపోవుదురని పల్లెలలో ఒక నమ్మకము. చట్టము అట్లు చెప్పుటలేదు. 1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన వెలగల నిధి దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలియజేయవలెను. విచారణ మీదట దానికి సొంతదారు లేడని తేలి, భూమి వేరొకరిదై, ఆయన తన హక్కు చెప్పినచో, సాధారణముగా నాలుగింట మూడుపాళ్లు దొరికినవానికిని, ఒకపాలు భూమిగలవానికిని చెందును. ప్రభుత్వమువారు నాణెములను తామే తీసికొనదలచిరా, లోహపు వెలయు, దానిపై ఐదవవంతును కలిపి చెల్లించి తీసికొందురు. మూసలో కరగించినవానికి ఆ ఐదవవంతు రాదు. పైగా తెలియజేయక దాచినవాడు తన పాలు పోగొట్టుకొనును, ఒక సంవత్సరము వరకు కారాగారశిక్షకును పాత్రుడగును.

కనుక మీ యూరిలో నాగటిచాలులో గాని, పునాది గోతిలో గాని ఇటువంటివి కనబడినప్పుడు చదువుకొన్న పెద్దలు ముందుగా చేయవలసినవి కొన్ని కలవు. నాణెములను తోమరాదు, చింతపండు పులుసు పెట్టరాదు. తోమినచో ముంతలోని యితర లోహపు మరకలు పోవును, అవియు సాక్ష్యములే. ఇద్దరి యెదుట లెక్కపెట్టి, తూచి, కాగితముపై సంఖ్యయు ఎత్తును వ్రాయించవలెను. చేని సర్వే నంబరు, ఎంత లోతున దొరికినది, ప్రక్కన గోడ గాని బావి గాని చెట్టు గాని కలదా యనునది చేర్చవలెను. ఆ కాగితమును తహసీల్దారు కచేరీ ద్వారా కలెక్టరునకు అందజేసి, నాణెములను ప్రభుత్వ ఖజానాలో ఒప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. ముంత పగిలియున్నను దాని పెంకులు పారవేయక, అంచు పెంకులను ప్రత్యేకముగా ఏరి, గుడ్డలో మూటగట్టి నాణెములతో కూడ పంపవలెను.